శంక ఎవరిది? నెల్లూరు తీరంలో విద్యార్థి థ్రిల్లర్ ఆరంభదృశ్యం: ప్రణాళిక, నిర్మాణం

వ్యాససంగ్రహం:

చలనచిత్ర అధ్యయనంలో భాగంగా విద్యార్థులు రూపొందించే థ్రిల్లర్ ఆరంభదృశ్యాన్ని నెల్లూరు తీరం ఆధారంగా చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం. రెండు నిమిషాల నిడివిలో విద్యార్థులు సాధారణంగా భయాన్ని కలిగించడానికి ప్రయత్నిస్తారు. కాని ఆ దృశ్యానికి ప్రాణం భయం కాదు, శంక. నాట్యశాస్త్రం, దశరూపకం చెప్పిన బీజం, ముఖసంధి, శంక అనే భావనల వెలుగులో రెండు చిత్రాల ఆరంభాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. శంక ఎవరి మనసులో పుడుతుంది, ఎవరిపై వాలుతుంది అన్నదే ప్రణాళికలో తొలి నిర్ణయం కావాలనీ, నెల్లూరు తీరంలో ఆ నిర్ణయం కేవలం కళాపరమైనది కాదనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: థ్రిల్లర్, ఆరంభదృశ్యం, బీజం, ముఖసంధి, శంక, నెల్లూరు తీరం, యానాదులు.

1. ఉపోద్ఘాతం:

ఒక కల్పిత చిత్రానికి టైటిల్స్‌తో కూడిన మొదటి రెండు నిమిషాలను మాత్రమే తీయడం బ్రిటిష్ ఏ-లెవెల్ మీడియా స్టడీస్‌లో చాలాకాలం పాటు సాగిన అభ్యాసం. విద్యార్థి బృందం పరిశోధన చేసి, స్టోరీబోర్డు గీసి, చిత్రీకరించి, కూర్చి, చివరకు తన పనిని తానే సమీక్షించుకోవాలి. మిగతా కథ తీయనవసరం లేదు. తక్కువ ఖర్చుతో, ఒక సెల్‌ఫోన్ కెమెరాతోనైనా చేయదగిన పని ఇది. సినిమాను సాహిత్యరూపంగా బోధిస్తున్న మన తెలుగు శాఖలకు కూడా ఇది ఉపయోగపడుతుంది. ఎందుకంటే ఆరంభం అనేది మన లక్షణ గ్రంథాలు అత్యంత సూక్ష్మంగా ఆలోచించిన విషయాల్లో ఒకటి.

విద్యార్థులు ఈ అభ్యాసానికి థ్రిల్లర్‌ను ఎక్కువగా ఎంచుకొంటారు. ఎంచుకొన్నాక వచ్చే వస్తువులు కూడా దాదాపు ఒకటే: నల్లని తెర, గుండెచప్పుడు, పరుగెత్తే అమ్మాయి, ముసుగు మనిషి, కత్తి, కేక. వీటిని లండన్ శివారులో తీసినా, మైపాడు ఇసుకలో తీసినా తేడా కనిపించదు. స్థలం మారినా చిత్రం మారలేదంటే ఆ స్థలం చిత్రంలోకి రాలేదనే అర్థం. ఈ లోపానికి కారణం పరికరాల కొరత కాదు. భయాన్నీ శంకనూ ఒకటిగా భావించడం.

2. భయం, శంక - లక్షణ గ్రంథాల వెలుగులో:

భయానక రసానికి నాట్యశాస్త్రం చెప్పిన విభావాల్లో వికృతధ్వనులు, నక్కల, గుడ్లగూబల కూతలు, శూన్యగృహం, అరణ్యం, తనవారి వధబంధాలను చూడడం వంటివి ఉన్నాయి. నేటి విద్యార్థి స్టోరీబోర్డు ఈ పట్టికకు దగ్గరగా ఉండడం ఆశ్చర్యం కలిగించదు. విభావాలను పోగుచేయడం సులభం. అయితే విభావాల పోగు కథకు ఆరంభం కాలేదు.

ఆరంభానికి కావలసింది బీజం. మొదట స్వల్పంగా సూచితమై, తరువాత అనేక విధాలుగా విస్తరించే కార్యహేతువును దశరూపకం బీజం అన్నది. ఆ బీజం మొలకెత్తే చోటు ముఖసంధి. అయిదు కార్యావస్థల్లో మొదటిదైన ఆరంభాన్ని ధనంజయుడు ఔత్సుక్యంగానే నిర్వచించాడు. అక్కడ ఔత్సుక్యం ఫలాన్ని కోరే నాయకునిది. థ్రిల్లర్‌లో దానిని ప్రేక్షకునికి కూడా అన్వయించవచ్చు. ఏమి జరిగిందో తెలుసుకోవాలన్న తహతహే అతణ్ణి కుర్చీలో కూర్చోబెడుతుంది.

ఆ తహతహకు తోడు నిలిచే వ్యభిచారిభావం శంక. రాబోయే అనర్థం మనసుకు తోచడమే శంక అనీ, అది ఇతరుల క్రౌర్యం వల్లగాని, తన దుర్నయం వల్లగాని కలుగుతుందనీ దశరూపకం చెప్పింది. నాట్యశాస్త్రం కూడా శంకను రెండు విధాలుగా విభజించింది: తనలో నుంచి పుట్టేది, ఇతరుల నుంచి పుట్టేది. థ్రిల్లర్ విమర్శకు ఈ విభజన చాలా విలువైనది. 'నాకేదో కీడు జరగబోతోంది' అన్నది ఒక శంక. 'నన్ను అనుమానిస్తారేమో' అన్నది మరొక శంక. భయానికి పులి చాలు. శంకకు మాత్రం మరో మనిషి చూపు కావాలి.

నాట్యశాస్త్రం శంకను స్త్రీలకూ నీచపాత్రలకూ చెందినదిగా పేర్కొని, చౌర్యం, రాజాపరాధం వంటి వాటిని దాని విభావాల్లో చేర్చిందని కూడా గమనించాలి. అంటే శంకను సామాజికస్థాయిని బట్టి పంచిపెట్టే అలవాటు ప్రాచీనమైనదే. ఆ అలవాటు నేటి కెమెరాలోనూ కొనసాగుతుండడం ఈ వ్యాసంలో ముందుకు రాబోయే విషయం.

3. రెండు ఆరంభాలు:

ఫ్రిట్జ్ లాంగ్ 'ఎం' (1931) చిత్రారంభంలో హత్య కనిపించదు. పిల్లలు హంతకుని గురించిన పాట పాడుతూ ఆడుకొంటారు. ఒక తల్లి భోజనం సిద్ధంచేసి గడియారం చూస్తుంది. బడి నుంచి వస్తున్న పాప హంతకుణ్ణి గురించిన ప్రకటనకే బంతి కొడుతుంటే ఆ కాగితంపై ఒక నీడ పడుతుంది. తల్లి పిలుపు వినిపిస్తుండగా మెట్లదారి, అటక, ఖాళీ పళ్ళెం కనిపిస్తాయి. బంతి దొర్లివచ్చి ఆగుతుంది, బుడగ తీగల్లో చిక్కుకొంటుంది. ఇక్కడ ప్రతి వస్తువూ ఇంటిది, వీధిది. అలవాటైనది ఆగిపోవడమే అనర్థానికి సూచన. శంక తల్లిది కనుక ప్రేక్షకుడు ఆమె పక్కనే నిలబడతాడు.

నెల్లూరుకు సంబంధించి తప్పక చూడవలసిన చిత్రం స్వరూప్ ఆర్‌ఎస్‌జె తొలిసారి దర్శకత్వం వహించిన 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ' (2019). నవీన్ పొలిశెట్టి కథానాయకుడు, రచనలో భాగస్వామి కూడా. ఆత్రేయ నెల్లూరులో డిటెక్టివ్ సంస్థ నడుపుతాడు. అతని విద్య సినిమాలు చూసి నేర్చుకొన్నది. ఆ విధంగా అతడు మన విద్యార్థి దర్శకునికి ప్రతిబింబం. తెచ్చిపెట్టుకొన్న వేషం, భాష చూసి మనం నవ్వుకొంటాం. కాని చిత్రం ఆ హాస్యం కంటే ముందు తల్లి మరణాన్నీ, ఆమెను కడసారి చూడలేకపోయిన కొడుకునూ నిలిపింది. తరువాత రైలుపట్టాల పక్కన దొరికే శవాల వెనుక, మరణానంతర సంస్కారాల పట్ల ఉన్న విశ్వాసాన్ని వాడుకొనే నేరం ఉందని తెలిసినప్పుడు, మొదట కుటుంబ విషాదంగా మాత్రమే కనిపించిన దృశ్యం బీజంగా గుర్తింపబడుతుంది. స్వల్పంగా సూచించి విస్తరింపజేయడమంటే ఇదే. వేషం అరువుదైనా బీజం మాత్రం మన ఇళ్ళలోది కావడం ఈ చిత్రం బలం. అయితే దాని ఆయువుపట్టు రైలుపట్టా. నెల్లూరు సముద్రతీరం ఇంకా తన థ్రిల్లర్ కోసం ఎదురుచూస్తూనే ఉంది.

4. నెల్లూరు తీరం - ఉద్దీపన సామగ్రి:

తీరం అనగానే విద్యార్థికి స్పీల్‌బర్గ్ 'జాస్' (1975) గుర్తుకు రావడం సహజం. ఆ చిత్రారంభంలో సొరచేప కనిపించదన్న పాఠం నేర్చుకోదగినదే. కాని మన తీరం వేరు. ఇది తూర్పు తీరం. సూర్యుడు సముద్రంలో నుంచి లేస్తాడు గాని సముద్రంలోకి దిగడు. సాయంత్రం వెలుగు ఊరివైపు నుంచి వస్తుంది. కడలి మీద అస్తమయాన్ని ఊహించుకొని గీసిన స్టోరీబోర్డు ఇక్కడ మొదటి సాయంత్రమే విఫలమవుతుంది.

తీరానికి సమాంతరంగా బకింగ్‌హాం కాలువ, సరుగుడు తోటలు, పట్టపుపాలేలు, ఇసుకపల్లి ఉప్పు కొఠార్లు, కృష్ణపట్నం రేవు దీపాలు ఉన్నాయి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు యాంత్రిక పడవలకు వేట నిషేధం కనుక ఆ రోజుల్లో పడవలు ఒడ్డునే కనిపిస్తాయి. వీటన్నింటికంటే థ్రిల్లర్‌కు సన్నిహితమైనవి రొయ్యల గుంటలు. రాత్రి గుంటల మీద ఏరియేటర్ల హోరు ఎడతెగకుండా వినిపిస్తుంది. బయటివారికి అది రొద, తీరవాసికి అది భద్రత. తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు అత్యల్పంగా ఉంటుంది. ఆ వేళ హోరు ఆగితే పంట మొత్తం పోవచ్చు. నిశ్శబ్దమే అనర్థసూచకమయ్యే ఇలాంటి చోటు వేరే సినిమాలో అరువు తెచ్చుకోవలసిన పని లేదు.

5. ఒక నమూనా:

పై చర్చను 120 సెకన్లలోకి ఇలా కుదించవచ్చు. మొదటి 35 సెకన్లు చీకటి తెర మీద ఏరియేటర్ల హోరు, పేర్లు. మధ్యలో కాపలా గుడిసెలో ఒకరు క్యారియర్ గిన్నె కడుగుతున్న చేతులు. తరువాతి 30 సెకన్లలో హోరు కొద్దిగా పలచబడుతుంది. ప్రేక్షకుడు గమనించకపోవచ్చు. కాపలాదారు చేతులు మాత్రం ఆగుతాయి. తరువాతి 30 సెకన్లలో మిగతా చక్రాలూ ఒక్కొక్కటిగా ఆగుతాయి, గట్టు మీది స్తంభానికి దీపం వెలుగుతూనే ఉంటుంది. కరెంటు పోలేదు, ఎవరో ఆపారు. చివరి 25 సెకన్లలో అతడు టార్చితో గట్టు వెంట నడిచి స్టార్టరు పెట్టె దగ్గరకు చేరతాడు. తాళం పగలలేదు. దాని చెవి అతని మొలతాడుకే ఉంది. టైటిల్.

ఇందులో శవం లేదు, కేక లేదు. కాని రెండు శంకలూ కలిశాయి. ఎవరో తన గుంటకు కీడు తలపెట్టారన్నది మొదటిది. తెల్లవారితే యజమాని తననే అనుమానిస్తాడన్నది రెండవది. అతడు నిర్దోషి అని ప్రేక్షకునికి తెలుసు. కథలోని వారికి తెలియదు. ఆశ్చర్యం కంటే ఉత్కంఠ గొప్పదని, ప్రేక్షకునికి ముందే తెలియడమే దానికి మూలమని ట్రూఫోతో సంభాషణల్లో హిచ్‌కాక్ వివరించిన సూత్రం ఇక్కడ బాంబు లేకుండానే పనిచేస్తుంది.

6. అనుమానితుడు ఎవరు?

ఇదే స్థలాన్ని, ఇదే మనిషిని మరో విధంగానూ తీయవచ్చు. దూరం నుంచి గుడిసె, చీకట్లో కదిలే నల్లని దేహం, పైన భయపెట్టే సంగీతం. అప్పుడు కాపలాదారే ముప్పు అవుతాడు. కెమెరా కొన్ని గజాలు జరిగితే శంకించేవాడు శంకింపబడేవాడవుతాడు. విద్యార్థులు ఈ రెండవ పద్ధతినే అప్రయత్నంగా ఎంచుకొనే ప్రమాదం ఉంది. భయానికి ఒక ముఖం కావాలి, పరిచయం లేని ముఖం ఆ పనికి సులభంగా దొరుకుతుంది.

నెల్లూరు తీరంలో ఇది చిన్న విషయం కాదు. ఈ ప్రాంతపు గుంటల దగ్గర కాపలా ఉండేవారిలో యానాదులు చాలామంది. 1871లో మొదలై, 1911 చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీకి విస్తరించిన నేరస్థ తెగల చట్టం పుట్టుకనే నేరంగా పరిగణించింది. ఆ చట్టం కింద ఎరుకలను ఉంచిన సెటిల్మెంటు ఒకటి ఇదే జిల్లాలోని కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ నిర్వహణలో నడిచింది. యానాదుల్లో కొందరు కూడా ఆ చట్టం పరిధిలోకి వచ్చారు. వారి కోసం పనిచేసి, 1962లో 'ది యానాదీస్' గ్రంథం రాసిన వెన్నెలకంటి రాఘవయ్య ఆ చట్టానికి వ్యతిరేకంగా పోరాడినవారిలో ఒకరు. 1952లో చట్టం దేశవ్యాప్తంగా రద్దయింది. కాని చూపును ఏ చట్టమూ రద్దు చేయలేదు. సాక్ష్యం లేకుండా ఒక దేహాన్ని నేరానికి సూచనగా చూపే రెండు నిమిషాల చిత్రం పాత పోలీసు రిజిస్టరు పనినే చేస్తుంది. తీసినవారికి ఆ ఉద్దేశం లేకపోవడం దాని ఫలితాన్ని మార్చదు.

థ్రిల్లర్‌కు అనుమానితుడు తప్పనిసరి కదా అనే అభ్యంతరం సమంజసమే. అనుమానాన్ని విడిచిపెట్టాలని ఈ వ్యాసం కోరడం లేదు. అనుమానం ఎలా పుడుతుందో చూపే చిత్రానికీ, తానే అనుమానించే చిత్రానికీ తేడా ఉందని మాత్రమే చెబుతోంది. పై నమూనాలో తాళంచెవి అనుమానాన్ని పుట్టిస్తుంది, ఒంటి రంగు కాదు. ఇది నీతి మాత్రమే కాదు, శిల్పం కూడా. చెవి విస్తరించగల బీజం. దానికి నకలు ఎవరి దగ్గర ఉంది, నష్టం ఎవరికి లాభం అని కథ ముందుకు సాగుతుంది. చీకటి ముఖం ఎక్కడికీ సాగదు.

7. నిర్మాణ ప్రణాళిక:

దృష్టికోణం స్థిరపడితే మిగతా నిర్ణయాలు దాని నుంచే వస్తాయి. ఈ చిత్రంలో శబ్దమే ప్రధానపాత్ర కనుక ధ్వనిపట్టికను షాట్ల పట్టిక కంటే ముందు రాసుకోవాలి. పంట ఉన్న గుంటలో చిత్రీకరణ కోసం ఏరియేటర్లను ఎట్టి పరిస్థితిలోనూ ఆపించకూడదు. పట్టుబడి పూర్తయిన గుంటలో చక్రాల దృశ్యాన్ని తీసి, వేరుగా రికార్డు చేసిన హోరును కూర్పులో దశలవారీగా తగ్గించాలి. పగటి సముద్రపుగాలి మైకును ముంచేస్తుంది కనుక బొచ్చు తొడుగు అవసరం. వేకువన రికార్డింగు మేలు.

వెలుగు విషయంలో సూర్యోదయానికి ముందు ఇరవై నిమిషాల పైచిలుకు సంధికాంతి దొరుకుతుంది. దానిని రాత్రిగా చూపవచ్చు. అందుకే ఒక రాత్రంతా మేల్కొనడం కంటే మూడు నాలుగు వేకువలు కేటాయించడం తెలివైన పని. గట్ల మీద తీగలు, తడి, పాములు ఉంటాయి. యజమాని అనుమతి, స్థానికుడొకరి తోడు, పగలే చేసిన స్థలపరిశీలన తప్పనిసరి. డ్రోన్ షాట్ మోజును ప్రశ్నించుకోవాలి. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం నిషిద్ధ గగనతలాలకు ముందస్తు అనుమతి కావాలన్నది ఒక కారణం. ఆకాశం నుంచి చూసే ఆ చూపు కథలో ఎవరిదీ కాదన్నది అంతకంటే ముఖ్యమైన కారణం.

పాత్రధారణకు వెంకటేష్ మహా 'కేరాఫ్ కంచరపాలెం' (2018) చూపిన దారి అనుసరణీయం. అక్కడ నటించినవారిలో అధికులు ఆ ప్రాంతవాసులే. కాపలాదారుగా స్థానికుణ్ణి తీసుకొంటే కథ మొత్తం అతనికి ముందే చెప్పాలి. తన పాత్ర ఎలా కనిపించబోతోందో తెలిసి అంగీకరించడం అతని హక్కు. చక్రం ఆగినప్పుడు మనిషి మొదట ఏ వైపు తల తిప్పుతాడో దర్శకుని కంటే అతనికే బాగా తెలుస్తుంది.

8. ముగింపు:

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. విద్యార్థి థ్రిల్లర్ ఆరంభం విఫలం కావడానికి ప్రధాన కారణం భయానక విభావాలను పోగుచేసి బీజాన్ని మరచిపోవడం.
2. శంకకు చెప్పిన ద్వివిధత్వం థ్రిల్లర్ దృష్టికోణాన్ని విశ్లేషించడానికి నేటికీ సమర్థమైన సాధనం.
3. నెల్లూరు తీరపు బలం దాని దృశ్యసౌందర్యంలో కంటే అక్కడివారికి మాత్రమే అర్థమయ్యే శబ్దాల్లో, విరామాల్లో ఉంది.
4. ఈ తీరంలో అనుమానితుని చిత్రణకు నేరస్థ తెగల చట్టం నేపథ్యం ఉంది. దానిని విస్మరించిన ప్రణాళిక అసంపూర్ణం.

ఇటువంటి ప్రాజెక్టులను పరిశీలించే అధ్యాపకులు మార్కుల పట్టికలో ఫ్రేమింగు, కూర్పు, ధ్వని అనే అంశాలకు ముందు ఒక ప్రశ్న చేర్చవచ్చు: ఈ రెండు నిమిషాల్లో శంకిస్తున్నది ఎవరు, శంకకు గురవుతున్నది ఎవరు? స్టోరీబోర్డు దశలోనే దీనికి బృందం రాతపూర్వకంగా సమాధానం చెప్పగలిగితే కెమెరా ఎక్కడ నిలబడాలన్నది చాలావరకు తేలిపోతుంది.