బేతాళుడికి విడుదల ఎప్పుడు?

ఇంగ్లీషు కథల పుస్తకాల్లో, కంప్యూటర్ ఆటల్లో పిల్లలకు బాగా పరిచయమైన పాత్ర ఒకటుంది. అతడు చచ్చీ చావని వాళ్ళకు రాజు. ఏనాడో ఒక వీరుడు అతణ్ణి ఓడించి పాతాళంలో బంధించి ఉంటాడు. సంకెళ్ళు తెగాయంటే శవాలన్నీ లేచి దండుగా కదులుతాయి. ఆ సంకెళ్ళు తెగకుండా కాపాడడమే మంచివాళ్ళ పని. మన కథల్లో ఇటువంటివాడు లేడా అని పిల్లలు అడిగితే నేను తడుముకోకుండా బేతాళుడి పేరు చెబుతాను. వాళ్ళు నవ్వుతారు. బేతాళుణ్ణి చూసి ఎవరు భయపడతారు?

ఆ నవ్వులోనే ఒక విమర్శ ప్రశ్న దాగి ఉంది. భూతాలకు నాయకుడనిపించుకున్న బేతాళుడు శ్మశానంలో, ఎవరిదో శవంలో దూరి, తలకిందులుగా చెట్టుకు వేలాడుతూ ఉంటాడు. రాజు చెట్టెక్కి శవాన్ని దించి భుజాన వేసుకుంటాడు. బేతాళుడు కథ చెబుతాడు, ప్రశ్న వేస్తాడు. రాజు మౌనం విడిచి జవాబు చెప్పగానే మళ్ళీ చెట్టు మీదికి పోతాడు. ఇంతవరకు మనందరికీ తెలుసు. అయితే అసలు రాజు ఆ శవాన్ని ఎవరికోసం మోస్తున్నాడు? ఈ మాట నేను తిరుత్తణిలో, తిరువళ్ళూరులో, నా ఈడు వాళ్ళను, చందమామ చదివి పెరిగిన వాళ్ళనే అడిగి చూశాను. చాలామందికి జ్ఞాపకం లేదు. కొందరైతే బేతాళుణ్ణి బంధించడమే రాజు పని అనుకుంటున్నారు.

మూలకథ అది కాదు. పదకొండో శతాబ్దంలో కాశ్మీర కవి సోమదేవుడు సంస్కృతంలో రాసిన కథాసరిత్సాగరంలో ఈ కథలున్నాయి. అందులో రాజు పేరు త్రివిక్రమసేనుడు. ఊరు ప్రతిష్ఠానం, గోదావరి ఒడ్డున. క్షాంతిశీలుడనే భిక్షువు రోజూ సభకు వచ్చి రాజుకు ఒక పండు ఇచ్చి పోతుంటాడు. రాజు దాన్ని కోశాధికారికి అందిస్తుంటాడు. ఏళ్ళు గడిచాక ఒకరోజు కోతిపిల్ల ఆ పండు కొరికితే లోపల రత్నం కనబడుతుంది. వెతికిస్తే పాత పండ్లన్నీ కుళ్ళిపోయి కొట్టులో రత్నాల రాశి. ఇంత సొమ్ము తీసుకున్న తర్వాత రాజు కాదనలేకపోయాడు. అమావాస్య దగ్గరి చీకటి రాత్రి శ్మశానానికి వెళ్ళాడు. అక్కడ మర్రిచెట్టు కింద కూర్చున్న భిక్షువు, దూరాన ఉన్న శింశుపా వృక్షం మీది శవాన్ని తెచ్చిపెట్టమన్నాడు.

ఇక్కడ ఆగి కథా నిర్మాణం గమనించాలి. బేతాళుడు పెట్టిన షరతులు రెండు. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది. చెబితే మౌనం చెడి శవం చేజారుతుంది. అంటే ధర్మం తెలిసినంతకాలం రాజు భిక్షువు పని పూర్తి చెయ్యలేడు. అతని తెలివే అతనికి అడ్డు. అదే అతనికి రక్ష కూడా. ఇరవై మూడు కథలు ఇలా గడుస్తాయి. ఇరవై నాలుగో కథలో తండ్రి కూతుర్నీ, కొడుకు తల్లినీ పెళ్ళాడతారు. ఆ రెండు జంటలకూ పుట్టిన పిల్లలు ఒకరికొకరు ఏమవుతారన్నది ప్రశ్న. దానికి రాజుకు జవాబు దొరకదు. నోరు మెదపకుండా నడుస్తాడు. అప్పుడు బేతాళుడు మెచ్చి అసలు సంగతి బయటపెడతాడు. భిక్షువు ఈ శవంలో బేతాళుణ్ణే ఆవాహన చేసి, రాజును బలి ఇచ్చి, విద్యాధర చక్రవర్తి కావాలని చూస్తున్నాడు. సాష్టాంగపడమని అడుగుతాడు, ఎలాగో నువ్వే చేసి చూపమను, వంగినప్పుడు నరుకు, అంటాడు. రాజు అలాగే చేస్తాడు.

అంటే ఆ రాత్రి శ్మశానంలో భయపడవలసింది ఒక్కడికే. అతడు మనిషి. దయ్యాల రాజు నిజం చెప్పాడు, సన్యాసి అబద్ధమాడాడు. బందీని చూసి భయపడమని నేటి కథలు నేర్పుతుంటే, బంధించేవాణ్ణి అనుమానించమని ఆ పాత కథ నేర్పింది. లెక్కలో కూడా దీనికి సాక్ష్యముంది. పంచవింశతి అంటే ఇరవై అయిదు. సోమదేవుడి లెక్కలో బేతాళుడు చెప్పినవి ఇరవై నాలుగే. ఇరవై అయిదోది ఈ ముగింపు. అంటే రాజు తన కథ తాను తెలుసుకోవడం కూడా ఒక కథగా లెక్కకు వచ్చింది. అది తీసేస్తే పుస్తకానికి పేరే చెల్లదు.

ఇప్పుడు చందమామ సంగతి. 1947లో మద్రాసులో నాగిరెడ్డి, చక్రపాణిగార్లు మొదలుపెట్టిన ఆ పత్రిక మనకు చేసిన మేలు ఇంతా అంతా కాదు. ఆంధ్ర దేశానికి బయట ఉన్న మనబోటి వాళ్ళకు ఇంట్లో మాట్లాడే తెలుగును అచ్చులో చూపించిన పత్రిక అది. కొడవటిగంటి కుటుంబరావుగారి చేతిలో దాని వచనం తేటపడింది. పాత కథలు అయిపోయిన తర్వాత కొత్త బేతాళ కథలు రాయించడం చిన్న ప్రయోగం కాదు. న్యాయం, త్యాగం, తెలివి, మూర్ఖత్వం, వీటిని తూచే తక్కెడ ఒకటి నెలనెలా పిల్లల చేతికి వచ్చింది. కత్తి దూసి శవాన్ని భుజాన మోసే రాజు బొమ్మ గీసిన శంకర్ తమిళుడు. తిరుత్తణిలో తెలుగు చందమామ చదివిన పిల్లలకూ, తిరువళ్ళూరులో తమిళ అంబులిమామ చదివిన వాళ్ళ మేనత్త పిల్లలకూ బేతాళుడు ఒకే రూపంలో కనిపించాడు. శంకర్ 2020లో, తొంభై ఏళ్ళు దాటిన వయసులో కన్నుమూశారు.

ఇంత గొప్ప శీర్షికలోనే ఒక లోటు పుట్టింది. నెలనెలా సాగవలసిన శీర్షికకు ముగింపు పనికిరాదు. రాజు గెలిస్తే వచ్చే నెల కథ లేదు. అందుకని చట్రం బిగిసిపోయింది. మొదట రాజు చెట్టు దగ్గరికి వెళ్ళడం, చివర బేతాళుడు చెట్టెక్కడం. ఎప్పుడూ ఒకే రకంగా వచ్చే ఆ నాలుగు వాక్యాల్లో మర్రి కింద కాచుకున్న భిక్షువుకు చోటు లేదు. పిల్లలు తీర్పు చెప్పడం నేర్చుకున్నారు. ఎవరి పని మీద వచ్చావని రాజును అడగడం నేర్చుకోలేదు. పాఠకుడి కళ్ళకు బేతాళుడు రాజుగారి పని చెడగొట్టే తుంటరిగా మిగిలాడు. అతడు జవాబు రాబట్టి ఎగిరిపోయిన ప్రతిసారీ రాజు ప్రాణం ఇంకొంచెంసేపు నిలిచిందని ఎవరికీ తోచలేదు.

భాషలో కూడా ఇదే జరిగింది. తెలుగులో పట్టువదలని విక్రమార్కుడంటే పట్టుదలకు మెచ్చుకోలు. తమిళంలో వేదాళం మళ్ళీ మునగచెట్టెక్కిందంటే మొండితనానికి విసుగు. మన ప్రాంతంలో ఈ రెండు మాటలూ ఒకే ఇంట్లో వినిపిస్తాయి. తెలుగు రాజును గుర్తుపెట్టుకుంది, తమిళం బేతాళుణ్ణి గుర్తుపెట్టుకుంది. రెండూ తిరిగి వెళ్ళడాన్నే గుర్తుపెట్టుకున్నాయి. చివరికి చేరడం రెండింటిలోనూ లేదు.

ఇందులో ఒక తమాషా ఉంది. చందమామ పెట్టిన నాగిరెడ్డి, చక్రపాణిగార్లే 1951లో విజయా సంస్థ తరఫున పాతాళభైరవి తీశారు. అందులో నేపాళ మాంత్రికుడు తోటరాముణ్ణి దేవికి బలి ఇచ్చి శక్తి సంపాదించాలనుకుంటాడు. శాపంతో మొసలిగా పడి ఉన్న ఒక దేవకన్యకు రాముడి చేతిలో విమోచనం కలుగుతుంది. ఆమె మాంత్రికుడి కుట్ర చెబుతుంది. రాముడు మాంత్రికుణ్ణే బలి ఇస్తాడు. బేతాళ కథ ముగింపు అచ్చంగా ఇదే. బందీగా ఉన్న ప్రాణి నిజం చెప్పడం, బలి కోరినవాడే బలి కావడం. సినిమా మూడు గంటల్లో ముగియాలి కనుక ఆ ముగింపు తెర మీద బతికింది. పత్రిక వచ్చే నెలా రావాలి కనుక చందమామ పేజీల్లో దానికి చోటు లేకపోయింది. దోషం ఎవరి రుచిదీ కాదు, శీర్షిక స్వభావానిది.

తీర్పు చెప్పడం ఒక్కటే చాలదని మన పొరుగు ఊరి కథ ఇంకా కఠినంగా చెబుతుంది. అరక్కోణం, తిరువళ్ళూరుల మధ్య రైలు దారిలో తిరువాలంగాడు ఉంది. ఆ పేరుకు మర్రి అడవి అని అర్థం, సంస్కృతంలో వటారణ్యం. శివుడు నాట్యమాడిన అయిదు సభల్లో అది రత్నసభ. అయితే ఆ ఊరి సాహిత్య కీర్తి దయ్యాల వల్ల వచ్చింది. కారైక్కాల్ అమ్మైయార్ తన అందాన్ని వదిలి పేయి రూపం కావాలని వరం కోరుకుంది. ఆలంగాటి శ్మశానంలో భూతాల మధ్య నిలిచి శివ నాట్యాన్ని పాడింది. దయ్యపు రూపం ఆమెకు చెర కాలేదు, విడుదల అయింది.

దాని పక్కనే పళయనూరు నీలి కథ. పూర్వజన్మలో భర్త చేతిలో హతమైన స్త్రీ పేయిగా మారి, మళ్ళీ పుట్టిన అతణ్ణి వెంటాడింది. చంకలో బిడ్డతో ఊరి పెద్దల ముందు నిలబడి, ఇతడు నా భర్త, నన్ను వదిలేస్తున్నాడని ఏడ్చింది. వేళాళ పెద్దలు డెబ్బైమంది ఆ మాట నమ్మారు. అతని ప్రాణానికి మా ప్రాణాలు పూచీ అన్నారు. తెల్లారేసరికి అతడు శవమయ్యాడు. ఆ డెబ్బైమందీ మాట తప్పకుండా అగ్నిలో దిగారు. ఆమెకు జరిగిన అన్యాయం నిజమే. విన్నవాళ్ళ నిజాయితీ కూడా నిజమే. కానీ ఆ తీర్పు ఎవరి చేతికి ఆయుధమవుతుందో వాళ్ళు అడగలేదు. విక్రమార్కుడూ అడగలేదు. అతనికి చెప్పేవాడు భుజం మీదే ఉన్నాడు, అంతే తేడా.

ఇదంతా పాత పుస్తకాల గొడవ, మనకెందుకని అనుకునే పాఠకులకు ఒక మాట. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో చేరింది. తమిళాన్ని బడిలో తప్పనిసరి చేసిన 2006 నాటి చట్టం తర్వాత మన పిల్లల్లో తెలుగు లిపి చదవగలిగేవాళ్ళు పలచబడుతున్నారు. చందమామ అచ్చు ఆగి పదేళ్ళు దాటింది. తమిళం బాగా నేర్చుకోవడం మంచిదే, ఈ నేల భాష అది. అయితే ఇకమీదట మన పిల్లలకు బేతాళుడు తెలుగులో అందాలంటే పుస్తకం దారి ఇరుకైంది. మిగిలింది అవ్వ నోరు, అమ్మ నోరు. నోటితో చెప్పే కథకు వచ్చే నెల సంచిక బెడద లేదు. ముగింపు చెప్పవచ్చు. పత్రిక చెయ్యలేనిది ఇల్లు చెయ్యగలదు.

ఈ కథల పుట్టుక గురించి సోమదేవుడు చెప్పిన సంగతి కూడా ఇక్కడ తలచుకోవాలి. కథలన్నిటికీ మూలమైన బృహత్కథను గుణాఢ్యుడు పైశాచీ భాషలో రాశాడట. శాతవాహన రాజు కొలువులో పందెం ఓడి సంస్కృతాన్ని, ప్రాకృతాన్ని, దేశభాషను విడిచిపెట్టిన వాడికి మిగిలిన భాష అదే. అతనికి ఆ కథ చెప్పినవాడు శాపం తగిలి పిశాచమైన కాణభూతి. కథ మొత్తం మరొకరికి చెప్పినప్పుడే అతనికి శాపం తీరింది. సగం చెప్పి ఆపితే విడుదల లేదు.

బేతాళుణ్ణి ఏ వీరుడూ పాతాళంలో బంధించలేదు. ఇరవై నాలుగో కథ దగ్గర ఆపేసి మనమే చెట్టుకు వేలాడదీశాం. చివర రాజు ఏం వరం కోరాడో తెలుసా? రాజ్యం కాదు, ధనం కాదు. ఈ ఇరవై నాలుగు కథలూ, ముగింపుతో కలిపి, లోకంలో నిలవాలని కోరాడు. అవి చెప్పే చోట భూతప్రేతాల బాధ ఉండదని బేతాళుడే మాట ఇచ్చాడు. కాబట్టి పిల్లలకు ఈ కథ చెప్పేటప్పుడు పండులోని రత్నంతో మొదలుపెట్టండి. మర్రి కింద కూర్చున్నవాడి సంగతి మరవకండి. ఇరవై అయిదో కథ చెప్పి మరీ ఆపండి.