శ్రవ్యగ్రంథము - రచయిత హక్కు

కథ తొలుత చెవిది. అచ్చు దానిని కంటి కప్పగించినది. శ్రవ్యగ్రంథము నేడు మరల చెవికి చేర్చుచున్నది. మేలే, కాని చదివి వినిపించుటయు నొక వ్యాఖ్యానమే. ప్రేమ్‌చంద్ ‘ఈద్‌గాహ్’లో హమీదు మూడు పైసలతో నాయనమ్మకు పట్టకారు కొనును. అచట వినిపించువాని గొంతు ముందే ద్రవించినచో కథకుని నిగ్రహము వ్యర్థమగును. 1936లో గతించిన ప్రేమ్‌చంద్ దానిని వారింపలేడు. ఆయన రచనలపై గ్రంథస్వామ్యము ఏనాడో తీరినది.

జీవించియున్న రచయిత స్థితి వేరు. ఒప్పందమునాటికి వాడుకలో లేని మాధ్యమము, పత్రమున ప్రత్యేకముగా పేర్కొననిదే, హక్కుల బదిలీలో చేరదని 2012 నాటి చట్టసవరణ చెప్పుచున్నది. అయితే శ్రవ్యగ్రంథ మిప్పుడు వాడుకలోనిదే. ఆ రక్షణ దీనికి చాలదు. ‘సర్వహక్కులు’ అను మాటక్రింద చేవ్రాలు చేసిన రచయిత గాని, అనువాదకుడు గాని తన వాక్యములతోపాటు వాని స్వరమును గూడ విడిచినవాడగును. శ్రవ్యహక్కును వేరుగా వ్రాయించుకొనుట లోభము గాదు, రచనపట్ల బాధ్యత.