రామప్పను మోస్తున్న ఇసుక

2020 అక్టోబరులో హైదరాబాద్‌లోని యూసుఫ్‌గూడ పక్కనున్న బోరబండలో భూమి లోపలి నుంచి చప్పుళ్లు వచ్చి జనం వీధుల్లోకి పరుగెత్తారు. అవి స్వల్ప ప్రకంపనలేనని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు తేల్చారు. 2024 డిసెంబరు 4న ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపం మాత్రం హైదరాబాద్ దాకా తెలిసింది. ఆ జిల్లాలోనే, పాలంపేటలో, ఎనిమిది వందల ఏళ్లుగా రామప్ప గుడి నిలబడి ఉంది.

కాకతీయ రాజు గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి ఇది. శాసనం మీది సంవత్సరం 1213. ముందు లోతుగా గొయ్యి తవ్వి, దాన్ని ఇసుకతో నింపారు. ఇసుక గట్టిపడటానికి సున్నం, బెల్లం, కరక్కాయ కలిపారు. నలువైపులా కదలకుండా బిగించి ఉన్న ఇసుక బరువును సమంగా పంచుకుంటుంది, కింది నుంచి వచ్చే అదురును చాలావరకు తనలోనే అణచుకుంటుంది. శాండ్‌బాక్స్ పద్ధతి అంటున్నది దీన్నే. గర్భగుడి మీది విమానానికేమో నీటిలో తేలేంత తేలికైన ఇటుకలు వాడారు. పైన బరువు తగ్గితే, భూమి ఊగినప్పుడు స్తంభాల మీద పడే ఒత్తిడీ తగ్గుతుంది.

గుడికి వెళ్లినవాళ్లం నల్లరాతి మదనికలను, స్తంభాల మీద సూది మాత్రమే దూరే సన్నటి రంధ్రాలను చూసి మురిసిపోతాం. ఒకసారి తల దించి మండపం నేల కూడా చూడాలి. బండలు ఎగుడుదిగుడుగా ఉంటాయి. నేల కుంగినా గుడి కూలలేదు.

బయటి నగిషీని నిలబెట్టేది లోపలి కట్టుబడే. ఇటలీలోని సిసిలీ దీవిలో 1693 జనవరి 11న వచ్చిన భూకంపానికి నోటో పట్టణం నేలమట్టమైంది. పాత ఊరిని వదిలి, కొత్త చోట పసుపుపచ్చ సున్నపురాయితో, బరోక్ శైలిలో మళ్లీ కట్టుకున్నారు. ఆ కొత్త ఊరికి 2002లో యునెస్కో గుర్తింపూ వచ్చింది. కానీ అంతకుముందే, 1996లో, అక్కడి పెద్ద చర్చి గోపురం కూలిపోయింది. చూస్తే, స్తంభాల లోపల నింపింది నాసిరకం రాళ్లు. వాటిని సరైన రాతితో కట్టి 2007లో తెరిచారు.

మన దగ్గరా అలాంటి పని జరిగింది. హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణ మండపం శిథిలమైతే, 2006లో పురావస్తు శాఖ రాళ్లను విప్పి, మళ్లీ ఇసుక పునాది మీదే నిలబెట్టింది. 2024 మార్చి 8న, శివరాత్రి నాడు, అది తెరుచుకుంది.

2021లో యునెస్కో జాబితాకెక్కిన రామప్పను కాపాడుకోవడమంటే శిల్పాల దుమ్ము దులపడం ఒక్కటే కాదు. గుడి చుట్టూ తవ్వకాలు, పేలుళ్లు జరగకుండా చూడాలి. ఇసుక పునాది వేయడం, తేలికైన ఇటుక కాల్చడం మన ఇంజినీరింగ్ కళాశాలల్లో పాఠం కావాలి. పిల్లలను రామప్పకు తీసుకెళ్లండి. శిల్పాలతో పాటు, ఆ శిల్పాలను మోస్తున్న ఇసుక గురించీ చెప్పండి.