రాగి తగలని సముద్రం

తనకూ తీరం లేక, పొరుగు కౌంటీల్లో దేనికీ తీరం లేని కౌంటీ ఐర్లండ్‌లో లీష్ ఒక్కటే. దాని ముఖ్య పట్టణం పోర్ట్‌లీష్‌లో చేపలనూ పగడాలనూ ఒకే తొట్టిలో పెంచాలంటే సముద్రాన్ని ఇంట్లోనే తయారుచేసుకోవాలి. ఆ పని కుళాయి దగ్గర మొదలవుతుంది. సున్నపురాయి నేలల నీరు కఠినం. పైగా చాలా ఇళ్లలో గొట్టాలు రాగివి. అందుకే ఆర్‌.ఓ. చేసిన నీటిని రెజిన్ గుండా కూడా పంపి, ఆపైన ఉప్పు కలుపుతారు. లవణీయత లీటరుకు 35 గ్రాములు, వేడి 25 డిగ్రీలు. ఆ అంకెల్ని అందుకోవడం తేలికే, ఏడాది పొడవునా నిలపడమే కష్టం.

రాగి మాట ఊరికే ఎత్తలేదు. సముద్రపు చేపలకు తెల్లమచ్చల జబ్బు తెచ్చేది క్రిప్టోకేరియాన్ అనే పరాన్నజీవి. దానికి నమ్మకమైన మందు రాగి. అదే రాగి పగడాలకూ రొయ్యలకూ నత్తలకూ విషం. కాబట్టి పగడాలున్న తొట్టిలో చేపకు వైద్యం చేయలేం. జబ్బు కనిపిస్తే రాళ్లన్నీ కూల్చి చేపలన్నిటినీ బయటికి తీయాలి. పరాన్నజీవి ఆశ్రయం దొరక్క చచ్చేదాకా తొట్టిని చేపల్లేకుండా ఉంచాలి. పెంపకందారులు ఇందుకు 76 రోజుల లెక్క పాటిస్తారు.

అందుకని అనుభవజ్ఞులు ఆ వైద్యమేదో ముందే చేస్తారు. కొత్త చేప నాలుగు నుంచి ఆరు వారాలు వేరే తొట్టిలో ఉంటుంది. అందులో ఇసుక ఉండదు, రాళ్లుండవు. స్పాంజి ఫిల్టరు, హీటరు, దాక్కోవడానికి పీవీసీ గొట్టం ముక్కలు, అంతే. హాల్లో మెరిసే తొట్టి కన్నా ఈ బోసి తొట్టే ముఖ్యమని నా గట్టి నమ్మకం. చేపల్ని కొనేముందు దీన్ని కొనాలి.

ఇక పొత్తు. క్లౌన్, గోబీ, రాయల్ గ్రామా చేపలు పగడాల జోలికి పోవు. సీతాకోకచిలుక చేపల్లో చాలావాటికి పగడమే తిండి. మరగుజ్జు ఏంజెల్ చేపలది మరీ చిక్కు: ఏడాదిపాటు బుద్ధిగా తిరిగి, ఒకనాడు కొరకడం మొదలుపెడతాయి. పగడాలూ ఒకదానితో ఒకటి పోరాడతాయి. యూఫిలియా అనే పగడం రాత్రిపూట పొడవాటి కుట్టే తంతువుల్ని చాపుతుంది, కాబట్టి చుట్టూ ఖాళీ వదలాలి. పగడాలతో పాటు పెంచే కొన్ని జోయాంథిడ్‌లలో పాలిటాక్సిన్ అనే ఘోరమైన విషం ఉంటుంది. చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు లేకుండా వాటిని కోయకూడదు. అవి అంటిన రాయిని మరిగించకూడదు.

ఈ విద్యకు ఆద్యుల్లో జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్ ఒకరు. జీవమున్న సముద్రపు రాళ్లూ గాలిబుడగలతో నీటిని శుభ్రంగా ఉంచవచ్చని ఆయన 1961లో రాశారు. రాళ్లలోని బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రేట్‌గా మారుస్తుంది. దీనికి బెర్లిన్ పెంపకందారులు బలమైన వెలుగునూ, మురికిని నురుగుగా తీసేసే స్కిమ్మర్‌నూ జోడించారు.

ఐర్లండ్ ఇళ్లలో చలికాలం కిటికీలు తెరవరు. గదిలో బొగ్గుపులుసు వాయువు పేరుకుని నీటి పీహెచ్ పడిపోతుంది. స్కిమ్మర్ గాలిగొట్టాన్ని గోడ బయటికి పెడితే చాలావరకు తేరుకుంటుంది. కరెంటు సంగతీ చూసుకోవాలి. 2025 జనవరి 24న ఎయోవిన్ తుఫాను ఐర్లండ్‌లో 7,68,000 కనెక్షన్లను చీకట్లో ముంచింది. అలాంటప్పుడు చలికన్నా ముందు చేపల్ని చంపేది ప్రాణవాయువు లేమి. బ్యాటరీతో నడిచే గాలి పంపు ఇంట్లో ఉండితీరాలి.

ఇక కొనే విషయంలో చట్టం. ఇండియాలో 2001 నుంచి రాతి పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి, ఇంట్లో పెంచే వీల్లేదు. ఐరోపాలో వన్యజీవుల వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం నిబంధనలకు లోబడి అమ్ముతారు. అక్కడున్న మనవాళ్లు తొట్టిలో పెరిగిన పగడం నుంచి కోసిన ముక్కనే అడిగి కొనాలి. చేపల విషయంలోనూ అంతే. ఇండోనేషియాలోని చిన్న దీవుల చుట్టూ మాత్రమే సహజంగా దొరికే బంగాయి కార్డినల్ అంతరించే ప్రమాదంలో ఉంది. దాని మగచేప గుడ్లను నోట్లో పెట్టుకుని పొదుగుతుంది, తొట్టిలోనూ సులువుగా పిల్లలు చేస్తుంది. అలా పుట్టినవి దొరుకుతున్నప్పుడు సముద్రంలో పట్టినదాన్ని కొనడానికి కారణమేమీ లేదు.