బల్ల యొద్ద ప్రార్థన: ఒక ఫ్రెంచి చిత్రమును చదువు విధము

వాక్యములో లేని అర్థమును దానికి అంటగట్టకూడదని వ్యాఖ్యాన తరగతిలో అందరము నేర్చుకొంటిమి. చిత్రమును చూచునప్పుడును అదే క్రమశిక్షణ అవసరమని మా అభిప్రాయము. షార్దాన్ (1699–1779) వేసిన ‘భోజనమునకు ముందు ప్రార్థన’ ఇందుకు మంచి ఉదాహరణ. 1740లో పారిస్‌లో ప్రదర్శించబడి, ఆ యేడే 15వ లూయీ రాజునకు సమర్పించబడిన ఈ చిత్రము నేడు లూవ్ర్ మ్యూజియములో ఉన్నది. మేము దీనిని అచ్చు ప్రతిలోనే చూచితిమి గనుక రంగుల జోలికి పోక, కూర్పును గూర్చియే వ్రాయుచున్నాము.

చిత్రములో ముగ్గురే ఉన్నారు. తల్లి వడ్డించుచు, బల్ల మీదికి వంగి, మధ్యలో ఆగినది. చిన్న బిడ్డ పొట్టి కుర్చీలో చేతులు జోడించుకొని యున్నది. ఆ కుర్చీకి ఆట డోలు వ్రేలాడుచున్నది. అక్క బల్ల వెనుక కూర్చున్నది. తల్లియు అక్కయు బిడ్డను చూచుచుండగా, బిడ్డ తల్లి వైపు చూచుచున్నది. తెల్లని బల్లగుడ్డ మీద వెలుగు పడగా గది మసకగా ఉన్నది. ఈ చూపుల నడుమనే ఆ ఇంటి నిశ్శబ్దము పుట్టుచున్నది.

1744లో లెపిసియే ఈ చిత్రమును రేకుపై చెక్కి అచ్చువేసినప్పుడు క్రింద కొన్ని పద్యపాదములు చేర్చబడెను. తమ్ముడు తడబడుచు ప్రార్థించుచుండగా అక్క చాటుగా నవ్వుచున్నదనియు, వాడు ఆకలికొద్దీ త్వరపడుచున్నాడనియు వాటి భావము. అవి చదివి చూచినవారికి చిత్రము హాస్యముగా కనబడును. మనవంటి కాపరులమో, దీనిని కుటుంబ ప్రార్థనపై ప్రసంగ పటముగా మార్చెదము. ఇందులో సిలువ లేదు, దేవదూత లేడు. డోలును ఆకలిని తుడిచివేసి చూచినయెడల మనమును ఆ పద్యకర్త చేసిన పనినే చేసినవారమగుదుము.

మా దృష్టిలో చిత్రమునకు కీలకము ఆగిపోయిన వడ్డనయే. బిడ్డకు ఆకలియు ఉన్నది, ప్రార్థనయు ఉన్నది. తల్లి గద్దించుట లేదు, అందించుట లేదు; ముగియువరకు కనిపెట్టుచున్నది.

ఒంగోలు సంఘ చరిత్ర అనగానే 1878 జూలై 3న వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మలో బాప్తిస్మము పొందిన 2,222 మందిని జ్ఞాపకము చేసికొందుము. అది తగినదే. అయితే ఆదివారపు బడిలో తడబడిన బిడ్డను ఆపి, మిగిలిన ప్రార్థనను మేమే పలికిన దినములు అనేకము. మార్కు 10లో బిడ్డలను తెచ్చినవారిని గద్దించిన శిష్యులకంటె మేము మేలైనవారము కాము. ఏ లెక్కకును ఎక్కని ఆ ఒక్క ప్రార్థన కొరకు వడ్డన ఆపిన తల్లి యొద్ద కాపరులు నేర్చుకొనవలసినది ఉన్నది.