గాలం ఖర్చు ఎక్కడ పెరుగుతుంది?

గాలం వేసి చేపలు పట్టడం తెలుగు పల్లెల్లో చాలాకాలం దాదాపు ఖర్చులేని కాలక్షేపంగానే సాగింది. సన్నని వెదురు కర్ర, నాలుగైదు బారల దారం, ఒక కొక్కెం, దారాన్ని నీటిపై నిలిపే జీలుగు బెండు ముక్క, కొబ్బరిచిప్పలో తడిమట్టి కప్పిన గుప్పెడు ఎర్రలు ఉంటే కాలువ గట్టున ఒక పూట గడిచిపోయేది. ఇప్పుడు సెలవు దొరికినప్పుడు నగరాల నుంచి చెరువులకూ జలాశయాలకూ బయలుదేరేవారికి అదే సరదా కార్బన్ రాడ్లు, రీళ్లు, దిగుమతి ఎరలు, పెట్రోలు, బస అంటూ తడిసి మోపెడవుతోంది. ఖర్చు తగ్గించుకోవాలని అనుకున్నవారు ముందుగా చవక సామగ్రి కోసం వెతుకుతారు, అది రెండు మూడుసార్లకే పాడైతే మళ్లీ కొంటారు, దాంతో ఆదా చేయబోయినచోటే చేతి చమురు వదులుతుంది. ఈ వినోదంలో డబ్బు ఎక్కువగా పోయేది సామగ్రి ధర వల్ల కాదు. నీటి గురించీ చేప గురించీ తెలుసుకోవలసినది తెలుసుకోకుండా ఆ లోటును సామగ్రితో పూడ్చుకోవాలని చూడటం వల్లనే.

లెక్క వేసే పద్ధతిని కూడా ముందే సరిచూసుకోవాలి. పట్టిన చేప ధరను ప్రయాణ ఖర్చులోంచి తీసివేసి లాభనష్టాలు చూసుకునేవారు ప్రతిసారీ నిరాశపడతారు, ఎందుకంటే కారులో వంద కిలోమీటర్లు వెళ్లి తెచ్చిన శీలావతి కంటే బజారులో కొన్న శీలావతి ఎప్పుడూ చవకే. ఆ నిరాశతోనే ఈసారి ఎక్కువ చేపలు పడాలని మరింత ఖరీదైన రీలు కొంటారు, మరింత దూరం వెళ్తారు. గాలం ఖర్చును సినిమాకో విహారయాత్రకో పెట్టే ఖర్చులాగా వినోదం కిందే రాసుకుని, చేప పడితే దాన్ని అదనపు ఆనందంగా తీసుకున్నవారికి ఖర్చు అదుపులో ఉంటుంది.

సామగ్రి కంటే చేప గురించి తెలుసుకోవడమే ముఖ్యమనడానికి దక్కన్ గడ్డమీదే పుట్టిన ఒక ప్రాచీన సాక్ష్యం ఉంది. కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో సంస్కృతంలో రచించిన 'మానసోల్లాసం' రాజధర్మం నుంచి వంటల వరకు నూరు అధ్యాయాల్లో చర్చించిన గ్రంథం. అందులో రాజోచిత వినోదాలను వర్ణించే భాగంలో 'మత్స్యవినోదం' అనే పేరుతో గాలపు వేటకు ప్రత్యేకంగా ఒక అధ్యాయం ఉంది. మత్స్యశాస్త్రవేత్త సుందర్‌లాల్ హోరా 1951లో దీనిపై వ్యాసం ప్రచురించి ఆధునిక పాఠకుల దృష్టికి తెచ్చాడు. కర్ర, దారం, కొక్కెం గురించి చెబుతూనే ఆ అధ్యాయం చేపల రకాలకూ, ఏ చేపకు ఏ మేత నచ్చుతుందన్న విషయానికీ పెద్దపీట వేసింది. ఎంత ఖరీదైన సామగ్రినైనా తెప్పించుకోగల రాజు కూడా మేతను అంత శ్రద్ధగా చర్చించాడంటే, గాలపు విద్యకు మూలం అక్కడే ఉందని అతనికి తెలుసు.

మేత దగ్గరే ఆదా కూడా మొదలవుతుంది. సుగంధాలు కలిపి పొట్లాల్లో అమ్మే తయారు ఎరలు పనిచేయవని కాదు, కానీ మన చెరువుల్లో పెరిగే బొచ్చె, శీలావతి, మృగాల చేపలకు వాటి అవసరం చాలా తక్కువ. కొల్లేరు పరిసరాల్లోని చేపల చెరువుల్లో రైతులు నూనె తీసిన తవుడును వేరుశనగ చెక్కతో కలిపి, రంధ్రాలున్న సంచుల్లో నింపి, నీటిలో పాతిన కర్రలకు వేలాడదీస్తారు. చేపలు వచ్చి ఆ రంధ్రాల దగ్గర మూతితో పొడుచుకుని తింటాయి. ఈ జాతుల రుచి ఏమిటో ఇంతకంటే స్పష్టంగా చెప్పే సాక్ష్యం మరొకటి అక్కర్లేదు. దోరగా వేయించిన తవుడునూ, నానబెట్టి మెదిపిన వేరుశనగ చెక్కనూ కలిపి, జిగురు కోసం కొద్దిగా మైదా చేర్చి ముద్ద చేస్తే కొక్కేనికి గుచ్చే ఎర సిద్ధమవుతుంది. ముద్ద త్వరగా విడిపోతుంటే పిసికేటప్పుడు నాలుగు దూది పోగులు కలిపితే అది నీటిలో ఎక్కువసేపు నిలుస్తుంది. ఇదే మిశ్రమాన్ని పలుచగా చేసి, గాలం వేయబోయే చోట ముందుగా నీటిలో చల్లి చేపలను అక్కడికి అలవాటు చేయవచ్చు. అయితే చల్లే మేత పిడికెడుకు మించకూడదు, ఎందుకంటే కడుపు నిండిన చేప గాలం వైపు చూడదు, ఎక్కువ మేత కుళ్లి నీటినీ పాడుచేస్తుంది. ఇక పరిగెలు, జెల్లలు, గురకలు వంటి చిన్న చేపలకు వానపాములే చాలు. పల్లెల్లో ఎర్రలు అని పిలిచే ఇవి పెరటి తూము పక్కనో, అరటి బోదెల మొదట్లోనో, పెంటకుప్ప అంచునో గునపంతో రెండు పెళ్లలు తిరగేస్తే దొరుకుతాయి. వాటిని నీడలో, తడిమట్టిలో ఉంచితే సాయంత్రం వరకు బతికే ఉంటాయి.

ఎర ఎంత మంచిదైనా చేప మేసే లోతులో లేకపోతే పూటంతా వృథా. కార్పు జాతి చేపలు నీటిని అంతస్తులుగా పంచుకుంటాయి: పైకి తిరిగిన నోరున్న బొచ్చె పైనీటిలో సూక్ష్మజీవులను మేస్తుంది, శీలావతి లేదా రాగండి అని పిలిచే రోహు నడినీటిలో తిరుగుతుంది, మృగాల అడుగున కుళ్లిన ఆకులనూ బురదనూ వెతుకుతుంది. కాబట్టి బెండుకూ కొక్కేనికీ మధ్య ఎంత దారం వదలాలన్నది ఊహ మీద ఆధారపడకూడదు. దానికి ఒక సులువైన పద్ధతి ఉంది. కొక్కేనికి కాస్త బరువైన బిళ్ల తగిలించి ఎరలేకుండా నీటిలోకి వదిలితే, బెండు పూర్తిగా మునిగిపోతే దారం తక్కువైందని, అంటే అడుగుకు చేరిన బరువు బెండును నీటిలోకి లాగేసిందని అర్థం; బెండు నీటిపై పక్కకు వాలి పడుకుంటే దారం ఎక్కువైందని అర్థం; బెండు నిలువుగా నిలబడి కొన మాత్రమే పైకి కనిపిస్తే ఆ దారం పొడవే అక్కడి లోతు. ఆ తర్వాత బరువు తీసివేసి, బెండును కిందికో పైకో జరుపుతూ ఏ అంతస్తులో మేత పడుతుందో చూసుకోవచ్చు. చెరువులో నాలుగుచోట్ల ఇలా లోతు చూసినవారికి గుంట ఎక్కడుందో, గట్టు వాలు ఎక్కడ ఆగుతుందో, తూము కాలువ ఎటు పోతుందో తెలిసిపోతుంది, ఆ జ్ఞానం ఎంత డబ్బు పెట్టినా ఏ దుకాణంలోనూ దొరకదు.

సామగ్రిలో పొదుపు చేయకూడని వస్తువులు రెండు: దారం, కొక్కెం. చేపకూ మనిషికీ మధ్య ఉన్నది అవే, అవి తెగినా వంగినా మిగతా ఖర్చంతా బూడిదలో పోసిన పన్నీరే. వాటిలో మంచివి కొని, వాటిని కాపాడుకోవడంలోనే నేర్పు ఉంది. నైలాన్ దారం ఎండకు బలహీనపడుతుంది, నీటిని కొంత పీల్చుకుంటుంది, రాళ్లకు రాసుకుంటే గరుకు తేలుతుంది. అందుకే వేటకు ముందు కొన దగ్గరి దారాన్ని వేళ్ల మధ్య లాగి చూసి, గరుకుగా తగిలిన మేర కత్తిరించి కొత్తగా ముడి వేయాలి. రీలులో దారాన్ని చుట్టుకునే భాగాన్ని స్పూలు అంటారు. దాన్ని కొత్త దారంతో నింపనక్కర్లేదు, ఎందుకంటే విసిరినప్పుడు బయటకు వచ్చేది పైభాగం మాత్రమే. అడుగున పాత దారం చుట్టి, దానికి గట్టి ముడితో పైన కొత్తది కలిపితే సగం దారంతోనే పని జరుగుతుంది. కొంతకాలానికి ఆ పైభాగం అరిగితే దాన్ని విప్పి తలకిందులుగా చుట్టుకోవచ్చు, అప్పటిదాకా లోపల దాగిన కొత్త కొన బయటికి వస్తుంది.

చేప తెంచుకుపోయిందని చెప్పుకునే కథల్లో చాలావాటికి కారణం దారం కాదు, ముడి. కొక్కెం కంటిలోంచి దారం కొన దూర్చి, దాన్ని అసలు దారం చుట్టూ ఐదారు చుట్లు తిప్పి, కంటి దగ్గర ఏర్పడిన చిన్న సందులోంచి వెనక్కి తెచ్చి, అప్పుడు ఏర్పడిన పెద్ద ఉచ్చులోంచి మరోసారి దూర్చి, బిగించే ముందు నోటితో తడిపి నెమ్మదిగా లాగితే ముడి గట్టిగా కూర్చుంటుంది. పొడిగా లాగితే రాపిడికి పుట్టిన వేడి నైలాన్‌ను అక్కడే బలహీనపరుస్తుంది. కొక్కెం వాడి తగ్గిందో లేదో తెలుసుకోవడానికి దాని మొనను బొటనవేలి గోరుమీద ఆనించి లాగి చూడాలి. జారిపోతే మొద్దుబారినట్టు, గోరును పట్టుకుంటే పనికివచ్చినట్టు. మొద్దుబారినదాన్ని పారేయకుండా సన్నని ఆకురాయితో పదును పెట్టుకోవచ్చు.

రాళ్లూ మొద్దులూ ఉన్న నీటిలో ఎక్కువగా పోయేది బరువు బిళ్ల, దాంతోపాటే కొక్కెం, దారం, ఒక్కోసారి బెండు కూడా. బిళ్లను అసలు దారానికి నేరుగా కట్టకుండా, అంతకంటే తక్కువ బలమున్న సన్నని దారపు ముక్కతో వేలాడదీస్తే, అది రాళ్లలో ఇరుక్కుని గట్టిగా లాగినప్పుడు ఆ ముక్కే తెగి బిళ్ల ఒక్కటే పోతుంది, మిగతాదంతా చేతికి వస్తుంది. ఆ బిళ్ల సీసమే కానక్కర్లేదు. నీటిపక్షులు సీసాన్ని మింగి చనిపోతున్నాయన్న కారణంతోనే బ్రిటన్ 1987లో చిన్న సీసపు బిళ్లల వాడకాన్ని నిషేధించింది. మెకానిక్ షెడ్డులో పనికిరాక పడేసిన పాత నట్టు అదే పని చేస్తుంది, దానికి ఖర్చూ ఉండదు.

రాడ్డు విషయంలో మోజు అదుపులో పెట్టుకుంటే మంచిది. ఫైబర్ గ్లాస్ రాడ్డు కాస్త బరువైనా దెబ్బలకు తట్టుకుంటుంది, ధర తక్కువ. కార్బన్ రాడ్డు తేలికగా ఉండి చేప కదలికను చేతికి సున్నితంగా అందిస్తుంది, కానీ గట్టి దెబ్బ తగిలితే విరుగుతుంది, పైగా విద్యుత్తును ప్రసరింపజేస్తుంది. పొలాల మీదుగా తీగలు వెళ్లే గట్లపై కార్బన్ రాడ్డు ఎత్తడం ప్రాణాపాయం, ఉరుములు మొదలయ్యాక దాన్ని పట్టుకుని నిలబడటమూ అంతే. కాలువ చేపలకైతే ఇప్పటికీ వెదురు కర్రకు సాటి లేదు.

అసలు పెద్ద ఖర్చు ప్రయాణం. ప్రతిసారీ కొత్త జలాశయాన్ని వెతుక్కుంటూ పోయేవారు ప్రతిసారీ మొదటి పాఠం దగ్గరే మొదలుపెడతారు. ఇంటికి దగ్గరలోని ఒక్క చెరువును ఎంచుకుని, వానాకాలంలో కొత్తనీరు ఎటునుంచి చేరుతుందో, ఎండాకాలంలో నీరు ఇంకినప్పుడు ఏ గుంటలో మిగులుతుందో, చలికాలంలో ఎండ ఎక్కిన తర్వాత చేప ఏ ఒడ్డుకు వస్తుందో ఒక నోటుపుస్తకంలో రాసుకుంటే ఏడాది తిరిగేసరికి ఆ చెరువు చేతికి వస్తుంది. గోదావరి, కృష్ణా డెల్టాల్లో ఉన్నవారికైతే బస్సు దిగిన చోటే కాలువ ఉంది; ఎండాకాలంలో కాలువలు కట్టేసినప్పుడు తప్ప నీటికి కొదవ లేదు. దూరం వెళ్లక తప్పనప్పుడు నలుగురు కలిసి ఒకే బండిలో వెళ్లడం కంటే మంచి ఉపాయం లేదు.

కాలజ్ఞానం గురించి మరొక్క మాట అవసరం. కార్పులు వానాకాలంలోనే గుడ్లు పెడతాయి, కొత్తనీటికి ఎదురెక్కుతాయి, అలుగు దగ్గర గుంపులుగా దొరుకుతాయి. అప్పుడు పట్టడం సులువైనంత మాత్రాన అది పొదుపు కాదు, వచ్చే ఏడాది చేపలను ఈ ఏడాదే తినేయడం. తెలంగాణ రాష్ట్ర చేప అయిన కొరమీను తన పిల్లలను కాపలా కాస్తుంది. ఎర్రగా మెరిసే పిల్లల గుంపు నీటిపైకి తేలిన చోట పెద్ద చేప ఉందని తెలిసి గాలం వేయడం చాలామంది నేర్పుగా భావిస్తారు, కానీ తల్లిదండ్రులు పోతే ఆ గుంపు మొత్తం ఇతర చేపల పాలవుతుంది. గుడ్లతో ఉన్న చేపనూ, పిల్లలకు కాపలా ఉన్న చేపనూ వదిలేయాలి.

పొదుపు చూడకూడని చోట్లు ఇంకా రెండున్నాయి. మొదటిది ప్రాణం: పాచి పట్టిన అలుగు రాళ్లూ, ఉధృతంగా పారే కాలువలూ ఏటా ఈతరాని మనుషులను బలి తీసుకుంటూనే ఉన్నాయి, లైఫ్ జాకెట్ ధర అంత పెద్దదేమీ కాదు. రెండవది అనుమతి. కొల్లేరు 1999 నుంచి వన్యప్రాణి అభయారణ్యం, పాకాల చెరువు కూడా అభయారణ్యంలోనే ఉంది. అటువంటి చోట్ల అటవీశాఖ అనుమతి లేకుండా గాలం వేయడం నేరం. ఊరి చెరువుల్లో చేపల హక్కు సాధారణంగా మత్స్యకార సహకార సంఘానిది. చేపపిల్లలు వదిలిన చెరువును కాపలా కాసుకుంటూ, ఏడాదికి ఒకసారి వల లాగి వచ్చిన దాంతో ఆ కుటుంబాలు బతుకుతాయి. వారికి చెప్పకుండా ఆ చెరువులో సరదాకు పట్టిన చేప వారి ఇంటి బియ్యంలోంచి తీసిందే. కాబట్టి గాలం సంచి సర్దుకునే ముందు ఆ ఊరి సంఘం పెద్దను కలిసి అడగండి, వద్దంటే తిరిగి రండి, సరేనంటే వారు చెప్పిన రుసుము ఇవ్వండి. ఆ ఒక్కచోట బేరం ఆడకండి.