వేలు పెట్టి చూపించమ్మా

నెల తప్పిన అమ్మాయి ఓపీలోకి వచ్చి “కడుపునొప్పి మేడమ్” అంటే నేను ముందు చీటీ రాయను. “ఎక్కడో చూపించమ్మా” అంటాను. అరచెయ్యి పొత్తికడుపు మీద పరిచి అటూ ఇటూ రాసి చూపిస్తే నా కంగారు సగం తగ్గుతుంది. గర్భసంచి పెరిగేటప్పుడు నెలసరి ముందు లాగినట్టే లాగుతుంది. ప్రొజెస్టరాన్ పేగుల్ని నెమ్మదింపజేస్తుంది కాబట్టి ఉబ్బరం, మలబద్ధకం మామూలే. మూత్రంలో మంట ఉంటే మాత్రం పరీక్ష చేయించాల్సిందే.

అదే ఒక్క వేలితో ఒక పక్కనే చూపించిందా, నా ప్రశ్నలు మారిపోతాయి. ఎరుపు కనిపించిందా? కళ్లు తిరిగాయా? భుజం నొప్పిగా ఉందా? భుజం మాటెత్తగానే వెంట వచ్చిన అత్తగారు నా చదువునే అనుమానిస్తున్నట్టు చూస్తారు. పిండం గర్భసంచిలో కాకుండా ట్యూబులో కుదురుకుంటే, ఆఖరి నెలసరి నుంచి 6–8 వారాలయ్యేసరికి తరచూ గుట్టు బయటపడుతుంది. ట్యూబు పగిలితే రక్తం లోపలే కారి ఊపిరితిత్తుల కింది డయాఫ్రమ్‌ను తాకుతుంది. దానికీ భుజానికీ నరాలు మెడలో ఒకే చోటినుంచి వస్తాయి, అందుకే నొప్పి భుజం కొనలో తెలుస్తుంది. 100 గర్భాల్లో ఒకటో రెండో ఇలాంటివి. అండం విడుదలైన చోట ఏర్పడే తిత్తి కూడా ఒక పక్కే సలుపుతుంది, మెల్లగా అదే తగ్గిపోతుంది. ఈ రెండిట్లో ఏదో చేత్తో నొక్కి తేల్చేంత గొప్ప నాకు లేదు. స్కానింగ్ తీయాలి.

పేచీ అక్కడే. “కిట్‌లో రెండు గీతలొచ్చాయి కదండీ, మూడో నెలలో తీయిద్దాం” అంటారు. గీతలు గర్భం వచ్చిందనే చెబుతాయి. అది ఎక్కడుందో వాటికేం తెలుసు? పగిలిన ట్యూబు తీసేసి తల్లిని బతికించడం 1883లో బర్మింగ్‌హామ్‌లో లాసన్ టెయిట్ చేసి చూపించాడు. ఇప్పుడు పగలకముందే దొరికితే కొందరికి మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్‌తోనే సరిపోతుంది, కోత ఉండదు.

వాము నీళ్ల మీద నాకు కోపం లేదు, గ్యాస్‌కు తాగండి. నొప్పితో కళ్లు తిరిగి పడిపోయిన పిల్లకు నీరసమని గ్లూకోజ్ ఎక్కించడం మీదే నా కోపమంతా. ఆశా కార్యకర్తలకు పదే పదే చెబుతుంటాను, అలాంటప్పుడు ముందు 108కి ఫోన్ చేయండని. నెల తప్పిందో లేదో ఆ పిల్లకే సరిగ్గా తెలియకపోయినా సరే.